కొమ్ము సాంగ్లీకి, కొడుకు దుబాయ్‌కి

పసుపు పండే నేల మీద పుట్టిన యువతకు ఆ పసుపులో ఉద్యోగం ఎందుకు లేదు? నిజామాబాద్ జిల్లా బాల్కొండ నుంచి ముఖచిత్ర కథనం

జనవరి వస్తే బాల్కొండ, ముప్కాల్, మెండోరా, కమ్మర్‌పల్లి చేలల్లో పసుపు ఆకు ఎండి నేలకు వాలుతుంది. ఆకు కోసి, దుంప తవ్వి, మండ నుంచి కొమ్ము విరుస్తారు. ఒకప్పుడు ఇనుప కడాయిల్లో ఉడకబెట్టేవాళ్ళు. ఇప్పుడు చాలాచోట్ల ట్రాక్టరు వెంట చేనుకే వచ్చే ఆవిరి బాయిలర్లు ఉన్నాయి. ఉడికిన దుంపను కల్లంలో రెండు వారాలు ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టి, సంచులకెత్తి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుతారు. అయిదు క్వింటాళ్ళ పచ్చి దుంప ఎండితే క్వింటాలు, మహా అయితే క్వింటాలుంబావు మిగులుతుంది. జూన్‌లో విత్తనం పెట్టిన రైతు చేతికి డబ్బు వచ్చేసరికి తొమ్మిది నెలలు నిండుతాయి.

ఇంత పనిలోనూ ఆ ఇంటి పాతికేళ్ళ కొడుకు చెయ్యి పడటం అరుదైపోయింది. తవ్వకానికి పక్క జిల్లాల నుంచి, మహారాష్ట్ర నుంచి కూలీలు వస్తారు. వరి నాట్లకైతే బీహార్, బెంగాల్ కుర్రాళ్ళు ముఠాలుగా దిగి ఎకరానికి ఇంతని గుత్తకు మాట్లాడుకుంటారు. అదే సమయంలో ఈ ఊరి కుర్రాడు షార్జాలో భవనాలకు పరంజా కడుతుంటాడు, కువైట్‌లో కారు తోలుతుంటాడు, లేదంటే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంటాడు. బీహార్ పిల్లవాడు ఇక్కడికి రావడం, ఇక్కడి పిల్లవాడు గల్ఫ్‌కు పోవడం ఒకే గొలుసులోని లింకులు. ఇద్దరూ సొంత ఊళ్ళో దొరకని ఒకటే వెతుక్కుంటున్నారు: ఏడాది పొడుగునా చేతికందే జీతం.

నాటు పని ఇరవై రోజులు. పసుపు తవ్వకం, ఉడకబెట్టుడు కలిపి రెండు నెలలు. మిగతా కాలం ఏం చేయాలి? కొడుకు ఊళ్ళోనే ఉండి సేద్యం చేస్తానంటే పెళ్ళి సంబంధాల దగ్గర మాట తెగిపోతుందని ఈ పల్లెల్లో తల్లిదండ్రులు చెప్పుకుంటారు. భూమి ఉన్నా, బోరు ఉన్నా, పోచంపాడు ప్రాజెక్టు నీళ్ళు పారుతున్నా, నెల జీతం లేనివాడికి పిల్లనిచ్చేందుకు వెనకాడుతున్నారు. యువత కష్టానికి భయపడి సేద్యం వదిలేస్తోందని తీర్పు చెప్పేవాళ్ళు యాభై డిగ్రీల ఎండలో ఇనుప చువ్వలు వంచుతున్న బాల్కొండ కుర్రాళ్ళను ఒక్కసారి తలుచుకోవాలి. వాళ్ళు కష్టాన్ని వదిలి పోలేదు. ఆ కష్టానికి నెలకోసారి లెక్క తేలేచోటికి పోయారు.

బాల్కొండ కథ బాల్కొండది మాత్రమే కాదు. రాబోయే పదేళ్ళలో వర్ధమాన దేశాల్లో 120 కోట్ల మంది యువత పనిచేసే వయసుకు వస్తారని, ఉద్యోగాలు మాత్రం 42 కోట్ల వరకే పుట్టేలా ఉన్నాయని ప్రపంచ బ్యాంకు అంచనా. ప్రపంచంలో ప్రతి అయిదుగురు యువతీయువకుల్లో ఒకరు చదువులోనూ లేరు, పనిలోనూ లేరు, శిక్షణలోనూ లేరని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 నివేదిక చెప్పింది. అలా మిగిలిపోయినవాళ్ళలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఆడపిల్లలు. అదే సంస్థ మన దేశం గురించి 2024లో ఇచ్చిన నివేదికలో ఇంకో లెక్క ఉంది. 2022లో మన పట్టభద్ర యువతలో నిరుద్యోగం 29 శాతం. చదవడం, రాయడం రాని యువతలో 3.4 శాతం. చదువుకున్న కొద్దీ ఖాళీగా ఉండాల్సి వస్తోందని దీని అర్థం. నాలుగు అక్షరాలు నేర్చుకుంటే బాగుపడతావని బిడ్డకు చెప్పి, పసుపు అమ్మిన డబ్బుతో ఫీజులు కట్టిన తండ్రికి ఈ అంకెను ఎలా వివరిస్తాం?

చదువుకున్న పిల్లల సంగతి ఇక్కడే చెప్పి ముందుకు పోతాను. తెలంగాణలో గ్రూప్-4లో 8 వేల పైచిలుకు పోస్టులకు దాదాపు 9.5 లక్షల మంది దరఖాస్తు చేశారు. 2022లో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో 2023లో రద్దయింది. ఆ పరీక్షల కోసం గదులు అద్దెకు తీసుకుని, ఒక్కపూట తిని చదివిన ఏళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. సర్కారు కొలువు కోరుకోవడం తప్పు కాదు. అయితే వందమందిలో ఒకరికి దొరికేదాన్ని ఒక తరానికంతటికీ ఉపాధి మార్గంగా చూపించడం న్యాయం కాదు.

పసుపు ఎక్కడ బంగారమవుతుంది

నిజామాబాద్ యార్డులో సంచి విప్పి కొమ్మును విరిచి చూస్తారు. గట్టిదనం, లోపలి రంగు, తేమ చూసి ధర చెబుతారు. మండకొక ధర, కొమ్ముకొక ధర. ఇక్కడి కంటే నయమని చాలామంది రైతులు లారీలు మాట్లాడుకుని మహారాష్ట్రలోని సాంగ్లీకి తీసుకుపోతారు. సాంగ్లీ పసుపు పండించడంలో కంటే కొనడంలో, నిల్వ చేయడంలో, మర పట్టి అమ్మడంలో పేరు తెచ్చుకున్న ఊరు. 2018లో సాంగ్లీ పసుపుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తమిళనాడులో ఈరోడ్‌కూ అంతే పేరు. ఆర్మూర్, బాల్కొండ ప్రాంతపు కొమ్ము ఇంకో ఊరి పొడిలో కలిసి, ఇంకో ఊరి పేరుతో ప్యాకెట్టయి, మళ్ళీ బాల్కొండ కిరాణా దుకాణంలోకి చేరుతుంది. కల్లం నుంచి ప్యాకెట్టు దాకా ఉన్న ప్రతి మజిలీలో కొందరికి నెల జీతం దొరుకుతుంది. ఆ జీతాల్లో బాల్కొండ పిల్లలకు దక్కేది చాలా తక్కువ.

ధర సంగతి రైతుకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల్లో పసుపు లేదు. 2011 ప్రాంతంలో ఆకాశానికి ఎక్కిన ధర తర్వాత కుప్పకూలింది. 2019 నాటికి క్వింటాలు అయిదారు వేల దగ్గర కొట్టుమిట్టాడింది. మళ్ళీ 2024లో 15 వేలు దాటింది. పదేళ్ళ కుటుంబ జీవితం ఇలాంటి ధర మీద ఆధారపడితే ఏ తండ్రి కొడుకును నమ్మకంగా చేలో దించుతాడు? కూతురి చదువు, ఇంటి అప్పు, ట్రాక్టరు కిస్తు, వీటిలో ఏదీ మార్కెట్ కుదుటపడేదాకా ఆగదు.

ఆ కోపమే 2019 లోక్‌సభ ఎన్నికల్లో బయటపడింది. పసుపుకు బోర్డు కావాలని, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర కావాలని నిజామాబాద్ నియోజకవర్గంలో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో డజను బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. కొందరు వారణాసి దాకా వెళ్ళి ప్రధాని మీద నామినేషన్లు వేసేందుకు వరుసలో నిలబడ్డారు. సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన ధర్మపురి అరవింద్ గెలిచారు. ఈ దేశంలో రైతులు చేసిన నిరసనల్లో ఇంత పద్ధతిగా, ఇంత శాంతంగా రాజ్యాంగమిచ్చిన దారిలోనే నడిచినవి అరుదు. ఆ రైతుల మీద నాకు గౌరవం.

బోర్డు రావడానికి మరికొన్ని ఏళ్ళు పట్టింది. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని ప్రకటించారు. 2025 సంక్రాంతి నాడు బోర్డు మొదలైంది. పల్లె గంగారెడ్డి తొలి ఛైర్మన్. అదే ఏడాది జూన్ 29న కేంద్ర హోంమంత్రి అమిత్ షా నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయాన్ని ప్రారంభించారు. 2030 నాటికి వంద కోట్ల డాలర్ల పసుపు ఎగుమతి చేయాలన్నది లక్ష్యం. 2023-24లో మన దేశం ఎగుమతి చేసింది 1.62 లక్షల టన్నులు, విలువ 22.65 కోట్ల డాలర్లు. ప్రపంచంలో పండే పసుపులో 70 శాతానికి పైగా మనదే. అయినా ఆ లక్ష్యం అందాలంటే ఏడేళ్ళలోపు ఎగుమతి విలువ నాలుగు రెట్లు దాటాలి. పంట విస్తీర్ణం నాలుగు రెట్లు పెరగదు, పెరిగితే ధర పడిపోతుంది. కాబట్టి కిలోకు దక్కే విలువ పెరగాలి. శుద్ధమైన పొడి, నూనె, ఓలియోరెజిన్ అనే సారం, రంగునిచ్చే కర్క్యుమిన్, సేంద్రియ ధ్రువీకరణ ఉన్న సరుకు, ఫలానా చేలో పండిందని చెప్పగలిగే ప్యాకెట్టు: ఇవి అమ్మితేనే ఆ లక్ష్యం సాధ్యం. ఈ పనులన్నీ చదువుకున్న యువత చేయాల్సినవి. బోర్డు గురించి బాల్కొండ యువత అడగాల్సిన ప్రశ్న ఇదే. ఆ పనులు ఎక్కడ జరుగుతాయి, ఎవరు చేస్తారు?

పశ్చిమాఫ్రికాలో ఐవరీ కోస్ట్, ఘనా దేశాలు కలిసి ప్రపంచపు కోకోలో సగానికి పైగా పండిస్తాయి. చాక్లెట్ అమ్మగా వచ్చే డబ్బులో ఆ రైతులకు చేరేది చాలా చిన్న వాటా. అందుకే ఐవరీ కోస్ట్ పట్టుబట్టి గింజను తన గడ్డ మీదే మర పట్టించే కర్మాగారాలు పెంచుకుంది. అక్కడి అబిద్జాన్ నగర యువకుడి బాధ, బాల్కొండ యువకుడి బాధ ఒక్కటే. తమ ఊరి పంటను ముడిసరుకుగానే పంపేస్తున్నారు, తమనూ అలాగే పంపేస్తున్నారు. ఉడకబెట్టని, పాలిష్ పట్టని కొమ్ముకు ఏ ధర పలుకుతుందో, ఏ నైపుణ్యపు ధ్రువపత్రమూ లేకుండా విమానమెక్కిన హెల్పర్‌కూ అంతే పలుకుతుంది.

విమానమెక్కే ముందు, దిగిన తర్వాత

గల్ఫ్ వలస ఈ ప్రాంతంలో 1970ల నుంచి ఉంది. చమురు ధరలు పెరిగి అక్కడ నగరాలు లేస్తున్న కాలంలో నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి మొదటి తరం పోయింది. అంతకుముందు అదే తరం బొంబాయి, భివండి, సూరత్‌లకు పోయేది. మోర్తాడ్, కమ్మర్‌పల్లి, భీంగల్, వేల్పూర్ మండలాల్లో గల్ఫ్ బంధుత్వం లేని ఇల్లు వెతకాలి. తండ్రి పోయి వచ్చాడు, ఇప్పుడు కొడుకు పోతున్నాడు. ఆ డబ్బు చేసిన మేలును తక్కువ చేయను. గుడిసెలు స్లాబు ఇళ్ళయ్యాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయి, ఎండిన బోర్లకు బదులు కొత్త బోర్లు పడ్డాయి. 2024లో విదేశాల నుంచి భారతీయులు పంపిన డబ్బు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క. ప్రపంచంలో మరే దేశానికీ అంత రాలేదు. ఆ అంకెలో ఈ మండలాల చెమట ఉంది.

పోయే తీరులోనే దెబ్బ తగులుతుంది. ఏజెంటు చాలాసార్లు తెలిసినవాడే, వరసకు మామో బావో అయ్యుంటాడు. "నీకెందుకు రంది అల్లుడా, నేను చూసుకుంట" అంటాడు. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెన్సీ తీసుకోగలిగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే చట్టవిరుద్ధం. అయినా ఊళ్ళో మాట్లాడుకునే మొత్తాలు లక్షల్లో ఉంటాయి. ఆ లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి. చేతికి వచ్చేది విజిట్ వీసా అయితే బతుకు మొదటిరోజు నుంచే చీకట్లో పడుతుంది. గడువు దాటినా అక్కడే ఉండి పనిచేసేవాళ్ళను ఖల్లివెల్లి అంటారు. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేరు, జబ్బు చేస్తే ఆసుపత్రికి పోలేరు, తండ్రి చనిపోయినా రాలేరు. ఆ దేశాలు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు స్వదేశానికి పంపే ఔట్‌పాస్ పట్టుకుని ఉత్త చేతులతో దిగుతారు. దిగేసరికి ఇంటి దగ్గర అప్పు రెట్టింపై ఉంటుంది.

పదో తరగతి పాస్ కానివాడికి ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికోసం పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఒప్పందం నమోదవుతుంది, కంపెనీ పేరు, జీతం అందులో ఉంటాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్ళకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పోయినవాడికి ఇవేవీ వర్తించవు. ఏజెంటు మాటల్లో ఎప్పుడూ వినపడని ఈ 275 రూపాయల సంగతి ప్రతి గ్రామపంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలని నా కోరిక.

ఇక్కడి వలస కార్మిక సంఘాలు చేసిన ఒక పోరాటం గురించి తెలుగు పాఠకులకు తక్కువ తెలుసు. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, గల్ఫ్ దేశాలకు పోయే మన కార్మికులకు ఇవ్వాల్సిన కనీస వేతన ప్రమాణాలను కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ ఉత్తర్వులిచ్చింది. ఉద్యోగాలు పోకుండా కాపాడటానికని చెప్పారు. తెలంగాణ గల్ఫ్ కార్మికుల తరఫున హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి. ఎడారిలో పనిచేసే మలయాళీకి, బీహారీకి, రాజస్థానీకి కూడా ఈ విజయం వల్ల మేలు జరిగింది. ఇలాంటి పట్టుదల ఉన్న ప్రాంతానికి దారి చూపే వ్యవస్థ ఒక్కటి బలంగా ఉంటే చాలు, చాలా మారుతుంది.

చనిపోయిన గల్ఫ్ కార్మికుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని 2024లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ప్రజాభవన్‌లో వలస కార్మికుల ఫిర్యాదులు వినే ప్రవాసీ ప్రజావాణి పెట్టారు. మంచి పనే. అయితే చనిపోయినవాడి కుటుంబానికి ఇచ్చేదాంతో పాటు విదేశానికి పోకముందు, తిరిగి వచ్చాక ఇవ్వాల్సింది కూడా ఉంది. ఫిలిప్పీన్స్‌లో విదేశానికి పనికోసం వెళ్ళే ప్రతి ఒక్కరూ బయల్దేరే ముందు అవగాహన తరగతికి కూర్చోవాల్సిందే. వెల్డరైనా, నౌకలో వంటవాడైనా ప్రభుత్వ సంస్థ పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తుంది. మనకూ 2015 నుంచి విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. జపాన్, జర్మనీల్లో నర్సింగ్ ఉద్యోగాలకు భాష నేర్పించి పంపుతోంది. అదే ఏజెంటు రాజ్యానికి అసలైన జవాబు. అయితే భీంగల్, మోర్తాడ్ కుర్రాడికి టామ్‌కామ్ కంటే బావ ఫోన్ నంబరే దగ్గర. ఆ దూరం తగ్గాలంటే ఆ సంస్థ కౌంటర్ ఆర్మూర్‌లో ఉండాలి.

తిరిగి వచ్చినవాళ్ళ గురించి మన దగ్గర ఎవరూ ఆలోచించరు. కేరళలో ప్రవాసుల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ నార్కా తిరిగొచ్చినవాళ్ళకు 30 లక్షల రూపాయల దాకా వ్యాపార రుణం ఇప్పిస్తుంది. పెట్టుబడిలో 15 శాతం, 3 లక్షలకు మించకుండా, సబ్సిడీ ఉంటుంది. మన పల్లెల్లో పదేళ్ళు బాయిలర్ నడిపినవాడు, శీతల గిడ్డంగిలో పనిచేసినవాడు, పెద్ద వంటశాలలో ఆహార భద్రత నిబంధనలు చేతివేళ్ళ మీద నేర్చుకున్నవాడు ఊరికి వచ్చి ఆటో కొనుక్కుంటున్నాడు. పసుపు పరిశ్రమకు సరిగ్గా ఇలాంటి చేతులే కావాలి. ఆ రెంటినీ కలిపేవాళ్ళు లేరు.

చాట ముందు కూర్చున్న ఆడబిడ్డ

మగపిల్లవాడికి కనీసం దుబాయ్ ఉంది. ఆడపిల్లకు ఏముంది? ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తునికాకు కట్ట. నిజామాబాద్ జిల్లా పల్లెల్లో బీడీ చుట్టడం తల్లి నుంచి కూతురికి వచ్చే పని. కూలీ వెయ్యి బీడీలకు ఇంతని లెక్క. ఆకు సన్నగా వచ్చిందని, బీడీ వదులుగా ఉందని కార్ఖానాలో కోత పెడతారు. వంగి వంగి మెడ, నడుము పోతాయి, తంబాకు ధూళికి ఊపిరితిత్తులు పోతాయి. పీఎఫ్ ఉంటే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 2,016 రూపాయల జీవన భృతి దక్కుతుంది. డిగ్రీ చదివిన అమ్మాయిలు కూడా సెలవుల్లో చాట ముందు కూర్చుంటారు. పెళ్ళయిన తర్వాత భర్త గల్ఫ్‌కు పోతే, అత్తమామలనూ పిల్లలనూ సేద్యాన్నీ చూసుకుంటూ ఆమె బీడీలు చుడుతూనే ఉంటుంది.

పసుపు పొడి పట్టడం, జల్లించడం, ప్యాకింగ్, తేమ పరీక్ష, లెక్కలు రాయడం ఆమె చేయలేని పనులా? 2020లో వచ్చిన సూక్ష్మ ఆహారశుద్ధి యూనిట్ల పథకంలో పెట్టుబడిలో 35 శాతం, 10 లక్షలు దాటకుండా, సబ్సిడీ ఉంది. మహిళా సంఘాలకు బ్యాంకుల దగ్గర మంచి పేరుంది. అప్పు తీర్చడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. కావలసింది మర కంటే ముందు, ఆ పొడిని కొనే చేయి. ఊరి సంఘం చేసిన పసుపు పొడిని రాష్ట్రంలోని వసతి గృహాలకు, అంగన్‌వాడీలకు, మధ్యాహ్న భోజనానికి కొంటామని ప్రభుత్వం ఒక్క మాట ఇస్తే, యూనిట్లు పెట్టమని ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండదు.

పక్కనే ఉన్న ఊరు

ఇవన్నీ కాగితం మీద మాటలని అనిపిస్తే ఆర్మూర్ దాటి నిజామాబాద్ వైపు పోయే దారిలో అంకాపూర్ దగ్గర ఆగండి. తెలంగాణ అంతటా ఆ ఊరి పేరు దేశీ కోడి కూరతో, దారి పక్కన కాల్చిన మక్క కంకులతో తెలుసు. అసలు సంగతి విత్తనం. మక్క, సజ్జ, ఎర్రజొన్న, కూరగాయల విత్తనాలు పండించి, అక్కడే ఎండబెట్టి, జల్లెడపట్టి, సంచుల్లో నింపి పంపుతారు. ఎర్రజొన్న విత్తనం ఉత్తరాది రాష్ట్రాలకు పశుగ్రాసం సాగు కోసం పోతుంది. ఆ ఊళ్ళో సేద్యం నుంచి వ్యాపారం, వ్యాపారం నుంచి యంత్రం, యంత్రం నుంచి హోటలు పుట్టాయి. కూలీకి ఏడాదంతా పని ఉంటుంది. అక్కడి రైతు కొడుకు సేద్యం చేస్తున్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడడు.

అంకాపూర్‌ను అద్భుతంగా చూపించి ఊరుకోవడం సరికాదు. ఎర్రజొన్న విత్తన వ్యాపారంలో బకాయిల కోసం 2008లో ఆర్మూర్‌లో రైతులు రోడ్డెక్కితే అది పోలీసు కాల్పుల దాకా పోయింది. కొనేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటే రైతు ఎంత తెలివైనవాడైనా వాళ్ళ దయ మీద బతకాలి. పసుపులోనూ ఇదే జాగ్రత్త కావాలి. యూనిట్ వస్తే చాలదు, అందులో రైతు కుటుంబాల వాటా ఉండాలి.

ఈ జిల్లాకు ఆ పాఠం బాగా తెలుసు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు చెరకు పండే చోటే చక్కెర తయారైంది. రెండు మూడు తరాలకు అది జీతమిచ్చింది, ఇల్లిచ్చింది, బడి ఇచ్చింది. తర్వాత ముత్యంపేటలోనూ యూనిట్ వచ్చింది. నష్టాలు, ప్రైవేటీకరణ, కోర్టు కేసులు దాటి 2015 డిసెంబరులో తాళం పడింది. చెరకు వేసిన రైతు వేరే పంటకు మళ్ళాడు, కార్మికుడి కొడుకు గల్ఫ్ దారి పట్టాడు. ఒక్క పెద్ద కర్మాగారం మీద ఆధారపడిన ఊరు అది మూతపడగానే ఏమవుతుందో బోధన్‌లో చూశాం. అందుకే బాల్కొండకు నూరు చిన్న మరలు, రెండు మూడు ఉమ్మడి ప్రయోగశాలలు మేలని నా అభిప్రాయం.

ప్రయోగశాల మాట ఊరికే అనలేదు. రంగు బాగా కనపడాలని పసుపులో సీసం ఉండే లెడ్ క్రోమేట్ కలిపే దుర్మార్గం దక్షిణాసియాలో ఉంది. అది పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. బంగ్లాదేశ్‌లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2019లో ఈ సంగతి బయటపెట్టాక ప్రభుత్వం మార్కెట్ల మీద దాడులు చేసింది, ప్రచారం చేసింది. 2019లో 47 శాతం నమూనాల్లో కనపడిన సీసం 2021 నాటికి సున్నాకు వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే రసాయనం ఉందని హాంకాంగ్ కొన్ని భారతీయ మసాలాల అమ్మకాలు ఆపేసింది. ఐరోపా దేశాలు పురుగుమందుల అవశేషాలను అతి చిన్న మోతాదుల దాకా కొలుస్తాయి. ఇకమీదట పసుపు ధరను యార్డులో కొమ్ము విరిచే చేతితో పాటు ప్రయోగశాల కాగితం కూడా నిర్ణయిస్తుంది. కెమిస్ట్రీలో డిగ్రీ చేసి ఆర్మూర్‌లో ఖాళీగా ఉన్న అమ్మాయికి ఇంతకన్నా సరిపోయే ఉద్యోగం ఏముంటుంది? నమూనా తీయడం, తేమ, కర్క్యుమిన్, సీసం కొలవడం, ఏ రైతు చేలో ఏ మందు ఎప్పుడు కొట్టారో నమోదు చేయడం ఊళ్ళోనే చేయవచ్చు.

పంటలోనూ దారులు తెరుచుకుంటున్నాయి. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది. కోజికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రగతి రకం 180 రోజులకే తవ్వకానికి వస్తుంది, కర్క్యుమిన్ 5 శాతం దాకా ఉంటుంది. జూన్‌లో పెడితే డిసెంబరులో చేను ఖాళీ అవుతుంది, యాసంగిలో ఇంకో పంట తీయవచ్చు. దుంపకుళ్ళు లేని విత్తనం దొరకడమే రైతుకు పెద్ద తలనొప్పి. ట్రేలలో ఒక్కో కణుపు నుంచి నారు పెంచి అమ్మే నర్సరీలు వస్తే ఎకరానికి ఎనిమిది పది క్వింటాళ్ళ విత్తనం ఖర్చు బాగా తగ్గుతుంది. షేడ్‌నెట్ కింద నడిచే ఆ నర్సరీ ఇద్దరు ముగ్గురు యువకులకు ఉపాధి.

2023 ఆగస్టులో నిజామాబాద్‌లో ఐటీ హబ్ వచ్చింది. మంచిదే, అందులో కొన్ని వందల మంది కూర్చుంటారు. పసుపు, మక్క, సోయా, ఎర్రజొన్న చుట్టూ బతికే పల్లెలు మాత్రం వందల్లో ఉన్నాయి. ఐటీఐలను కొత్త యంత్రాలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. ఈ జిల్లా సెంటర్లలో రోబో చేతులతో పాటు ఆవిరి బాయిలరు, సోలార్ డ్రయ్యరు, పొడి పట్టే పల్వరైజరు నడపడం, బాగుచేయడం కూడా నేర్పాలి. తవ్వకం రోజుల్లో బాయిలరు చెడిపోతే ఎంత నష్టమో, మెకానిక్ కోసం ఎంత ఎదురుచూడాలో పసుపు వేసిన ప్రతి ఇంటికీ తెలుసు.

గల్ఫ్‌కు పోవాలనుకునే పిల్లవాడిని ఎవరూ ఆపకూడదు. లోకం చూడాలన్న ఆశ, ఇంటికి నాలుగు డబ్బులు పంపాలన్న ఆశ గొప్పవి. పోయేవాడు చేతిలో ధ్రువపత్రంతో, ఒప్పంద పత్రంతో, బీమాతో పోవాలి. ఉండాలనుకునేవాడికి ఊళ్ళోనే నెల జీతం దొరకాలి. తిరిగొచ్చినవాడికి బ్యాంకు తలుపు తెరవాలి. పసుపు బోర్డు వార్షిక ప్రణాళికలో టన్నుల లెక్కతో పాటు, ఈ మండలాల్లో 18 నుంచి 30 ఏళ్ళ మధ్య ఎంతమందికి పని ఇచ్చారన్న లెక్క కూడా ఒక వరుసగా ఉండాలి. ఆ వరుస పెట్టమని అడిగే హక్కు నామినేషన్లు వేసిన ఆ రైతుల పిల్లలకు అందరికంటే ఎక్కువ ఉంది. బోర్డు కార్యాలయం బాల్కొండకు గంట ప్రయాణం. అర్జీ పట్టుకుని పోవడానికి తవ్వకం అయ్యేదాకా ఆగనక్కర్లేదు.